కొండకు రెండు చెవులు

ఫొటో మావయ్య లెక్కలో మనుషులు రెండు రకాలు: రెండు చెవులూ కనపడేవాళ్లు, కనపడనివాళ్లు. రెండో రకాన్ని ఆయన ఊరికే వదిలేవాడు కాదు. దారానికి వేలాడదీసిన దువ్వెనతో జుట్టు వెనక్కి దువ్వించి, గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని నూలుపోగంత ఇటూ అటూ తిప్పి, దాక్కున్న చెవి బయటికి వచ్చేదాకా మీట నొక్కేవాడు కాదు. ఒక పెద్దాయనకు పుట్టుకతోనే ఒక చెవి చిన్నదైతే, దాన్ని చూపించడానికి మావయ్య పడిన పాట్లకు ఆ పెద్దాయనే జాలిపడి, "పోనీలే నాయనా, ఇంకోసారి సరిగ్గా పుట్టి వస్తాలే" అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన తీసినవి పాస్‌పోర్టు ఫొటోలే. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లేవాడు కాదు. "పెళ్లిలో జనం కదులుతారండీ" అనేవాడు, అదేదో చేయకూడని పని చేస్తున్నట్టు. వీధివైపు గది స్టూడియో. అందులో గుండ్రంగా తిరిగే స్టూలు, గోడకు తెల్లగుడ్డ, గొడుగులు తగిలించిన రెండు దీపాలు, కొక్కేనికి ఒక నల్లకోటు ఉండేవి. ఆ కోటుకు ముందు భాగమే ఉంది, వీపు లేదు. ఎంత లావు మనిషికైనా, ఎంత బక్క మనిషికైనా వెనక నాడాలు బిగిస్తే సరిపోయేది. ఆ కోటులో కూర్చుని సగం ఊరు ఉద్యోగాలు తెచ్చుకుంది. అది వీపులేని కోటని ఏ ఆఫీసరుకూ తెలియలేదు.

మూలన ఒక మిషను ఉండేది. అరచేతి కంటే కాస్త పెద్దవైన కాగితాలు ఉమ్మేది, ఒక్కో కాగితం మీద ఒకే ముఖం ఎనిమిదిసార్లు. "నాకు ఒకటి చాలు" అన్నవాళ్లకు మావయ్య, "ఎనిమిది తీసుకోండి, మనిషన్నాక ఎక్కడెక్కడ అవసరపడతాడో చెప్పలేం" అనేవాడు.

ఆయన్ని మావయ్య అని మొదట పిలిచింది బావమరిది పిల్లలు. తర్వాత వీధి పిలిచింది. చివరకు ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఫొటో మావయ్యా అనే అనేవాళ్లు. దాంతో ఆయన భార్య ఊరందరికీ అత్తయ్య అయిపోయింది. ఇప్పుడు మావయ్య లేడు. ఉన్నప్పుడు ఈ కథ చెబితే, "మధ్యలో నా చెవులెందుకు లాగుతారు" అని నవ్వేవాడు.

కథ ఒక జలపాతంతో మొదలైంది.

పాతరోజుల్లో ప్రతి స్టూడియోలోనూ వెనక ఒక రంగుల తెర ఉండేది. మావయ్య దగ్గర ఉన్న తెర మీద పెద్ద జలపాతం, దాని ఒడ్డున ఒక జింక ఉండేవి. జింకకు మూడే కాళ్లు. తెర గీసినవాణ్ణి అడిగితే, నాలుగోది రాయి వెనకుందన్నాడు. అక్కడ రాయి లేదు. అలాంటి ఫొటోలు అడిగేవాళ్లు తగ్గిపోయాక తెరను చుట్టచుట్టి అటక మీద పడేశారు. ఒకరోజు అత్తయ్యకు దాన్ని ఎండలో వేయాలనిపించింది. నిచ్చెన దూరంగా ఉంది, స్టూడియో స్టూలు దగ్గరగా ఉంది. స్టూలెక్కి తెరను లాగింది. తిరిగే స్టూలు తిరిగింది. అత్తయ్య జలపాతంతో సహా కింద పడింది. తెర నిలువునా చిరిగింది, ఆవిడ తొడ ఎముక విరిగింది.

చూడటానికి వచ్చినవాళ్లు, "ఎలా పడ్డారండీ?" అని అడిగితే, "జలపాతం మీంచి" అని చెప్పేది.

"ఈ వయసులో జలపాతాలెందుకు ఎక్కారండీ, పిల్లలతో పాటు!"

"ఎక్కడికో పోలేదమ్మా, మా ఇంట్లోదే."

ఆసుపత్రిలో తొడలో కడ్డీ వేసి పంపారు. నెలన్నర పడుకోమన్నారు. పడుకుంది. నెలన్నర అయింది, లేవమన్నారు. లేవలేదు.

వ్యాయామం చేయించడానికి రోజూ ఒకమ్మాయి స్కూటరు మీద వచ్చేది. చెయ్యి చిన్నదే గాని పట్టు మహా గట్టిది. కాలు వంచేది, చాపేది, అంకెలు లెక్కపెట్టేది. మంచం దిగి నిలబడమనే అంకె దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య కళ్లు మూసుకునేది.

"నొప్పా అత్తయ్యగారూ?"

"నొప్పి కాదమ్మా. లేచి ఏం చెయ్యమంటావు?"

"నిలబడి కిటికీ దాకా రండి. బయటికి చూడండి. మనసు బాగుంటుంది."

అత్తయ్య ఒక కన్ను తెరిచింది. "ఆ కిటికీలోంచి నువ్వెప్పుడైనా చూశావా?"

ఆ అమ్మాయి వెళ్లి చూసింది. మూరెడు దూరంలో కాదు గానీ, చేయి చాపితే గోరు తగిలేంత దూరంలో పక్కింటి గోడ ఉంది. కింద నుంచి పైదాకా గోడే. పైన ఒక నీళ్ల గొట్టం, దాని కింద చెమ్మ. రెండిళ్ల మధ్య సందులో నిచ్చెన పడుతుంది, మనిషి పక్కకు తిరిగితే పడతాడు.

"అదీ సంగతి. ఇరవయ్యారేళ్లుగా ఆ కిటికీ తెరుస్తున్నాను, మూస్తున్నాను. పడుకున్నా గోడే, లేచినా గోడే. ఆ మాత్రం దానికి లేవడమెందుకు?"

ఆ అమ్మాయి మావయ్యను స్టూడియోలోకి పిలిచింది. ఆయన అలవాటుగా స్టూలు చూపించాడు, ఆమె అలవాటు లేక కూర్చుంది.

"మావయ్యగారూ, ఇంకో పదిహేను రోజులు. ఈలోగా లేచి నిలబడకపోతే ఆ మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత నేనే కాదు, ఎవరొచ్చినా వంచలేరు. ఆవిడకు లేవాలనిపించాలి. ఆ కిటికీలోంచి చూడదగ్గది ఏదైనా కనపడేలా చెయ్యండి. మీరు ఫొటోగ్రాఫరే కదా!"

ఆమె వెళ్లిపోయాక మావయ్య ఆ స్టూలు మీద తనే కూర్చుని సగం చుట్టు తిరిగాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో తనను ఫొటోగ్రాఫరని పిలిచి పని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అందరూ "ఫొటో కావాలండీ" అన్నవాళ్లే.

సాయంత్రానికి ఆలోచన తేలింది. ఎక్కడికైనా వెళ్లి గొప్ప ప్రకృతి దృశ్యం తీయాలి. పెద్దది చేయాలి. ఎదురుగోడ మీద అతికించాలి. అత్తయ్య లేచి చూస్తుంది.

గోడ చెకింగ్ మాస్టారిది. ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఊడింది గానీ తనిఖీ ఊడలేదు. మావయ్య అడిగిందంతా విని, బయటికి వచ్చి తన గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు, అందులో ఎవరైనా టికెట్ లేకుండా కూర్చున్నారేమో అన్నట్టు.

"ఏ దృశ్యం వేస్తారు ఫొటోగారూ?"

"కొండలండీ."

"కొండలు మంచివే. కదలవు. వెయ్యండి. కానీ గోడ నాదన్న సంగతి మాత్రం కొండలో కలిసిపోకూడదు."

ఇక కొండలు కావాలి. బావమరిదికి పరుపులు చేరవేసే వ్యాను ఉంది. ఆ వారమే కొండమీద ఊళ్లో ఒక లాడ్జికి ఇరవయ్యారు పరుపులు దించాలి. అత్తయ్య దగ్గర పక్కింటావిడను కూర్చోబెట్టి, మావయ్య కెమెరా, మూడుకాళ్ల స్టాండు, ఎందుకైనా మంచిదని తెల్లగుడ్డ సర్దుకున్నాడు.

గుడ్డ చూసి బావమరిది స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "బావా, ఇదెందుకు?"

"వెనకాల కట్టడానికి."

"కొండ వెనకాలా?"

"చెట్టు దొరికితే చెట్టు వెనకాల. కొండ సంగతి అక్కడ చూద్దాం."

"ఆ కోటు కూడా తెచ్చుకోవాల్సింది బావా. కొండకు ముందు భాగం తొడిగి వెనక నువ్వు నాడాలు కట్టేవాడివి, నేను రాయి పెట్టి ఆపేవాణ్ణి."

"వెటకారాలు తర్వాత. బండి తియ్యి."

అయిదు గంటల ప్రయాణంలో దారిపొడుగునా చూడ్డానికి ఎంతో ఉంది. చెరకుతోటలు, ఎర్రమట్టి గుట్టలు, ఒకచోట రోడ్డు పక్కనే మైలు పొడుగు చెరువు. బావమరిది ప్రతిచోటా బండి ఆపాడు. మావయ్య దిగేవాడు, కెమెరా కన్నంలోంచి చూసేవాడు, ఎక్కేసేవాడు.

"ఏమైంది?"

"ముఖం ఎక్కడుందో తెలియట్లేదురా."

"చెరువుకు ముఖమేంటి బావా!"

"ముఖం లేకపోతే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

చెరువు అంత పొడుగున పడుకుని ఉంది. ఆయన మాత్రం కెమెరాను నిలువుగా పట్టుకుని దాన్ని లేచి కూర్చోమంటున్నాడు. ఆయన చేతిలో కెమెరా నిలువుగానే ఉంటుంది. అడ్డంగా పట్టుకుంటే చెయ్యి ఒప్పుకోదు. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు అది. మనిషి నిలువు గనక ఫొటో నిలువు.

కొండమీద ఊరు చేరేసరికి కొండ లేదు. మంచు. రోడ్డు చివర ఇనుప కంచె, కంచె మీద "దృశ్యం చూచు స్థలము" అని బోర్డు, దాని అవతల పిండి ఆరబోసినట్టు తెలుపు. కంచె పక్కన టీ కొట్టు. కొట్టాయన టీ గ్లాసుతో ఆ తెలుపులోకి చూపించాడు. "ఎదురుగా ఏడు కొండల వరస సార్. కింద లోయలో నది. అద్భుతంగా ఉంటుంది."

"ఎప్పుడు కనపడుతుంది?"

"నేను కొట్టు పెట్టి నాలుగు నెలలైంది సార్. నేనింకా చూడలేదు."

బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆ తెలుపు వంక పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు.

"ఒరే, చూశావట్రా! ఒక్క ముడత లేదు. ఒక్క నీడ లేదు. ఇంత మంచి వెనకగుడ్డ నా జన్మలో చూడలేదు!"

"వెనకగుడ్డ బాగుంది బావా. ముందు మనిషేడీ?"

మూడు రోజులు ఆ కంచె దగ్గర నిలబడ్డాడు. తొలిరోజు ఏమీ రాలేదు. రెండోరోజు మధ్యాహ్నం తెలుపులో ఒకచోట కాస్త బూడిదరంగు తేలింది, ఎవరో దుప్పట్లోంచి తల బయటపెట్టినట్టు. ఒక కొండ. ఏడింట్లో ఒక్కటి, అదీ మెడ దాకా.

మావయ్య స్టాండు దగ్గరికి దూకాడు. కన్నంలోంచి చూస్తూ ఎడమచేయి గాల్లోకి ఎత్తి, ఎన్నో వేలసార్లు అన్న మాటే అన్నాడు.

"గడ్డం కాస్త పైకి."

కొండ కాస్త పైకి లేచింది. మంచే కిందికి జారింది, అది వేరే విషయం. టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపి చూశాడు.

"కుడిపక్కకి... ఆ, చాలు. కదలొద్దు. నవ్వొద్దు."

కొండకు శిఖరం పక్కన రెండు రాతిమొటికలు ఉన్నాయి. ఎడమది కనపడుతోంది, కుడిదాన్ని మంచు కప్పేసింది. మావయ్య ఆగాడు. అరగంట ఆగాడు. "తియ్యవేం బావా, మళ్లీ మునిగిపోతుంది!" అని బావమరిది అరుస్తున్నా వినిపించుకోలేదు. కుడి మొటిక బయటికి వచ్చింది. టక్కున నొక్కాడు.

"ఏంటా ఆగడం!"

"రెండో చెవి" అన్నాడు మావయ్య, నుదుటి చెమట తుడుచుకుంటూ. ఆ చలిలో చెమటేంటో.

మూడోరోజు కొండ రాలేదు. పరుపులు ఎప్పుడో దించేశారు. ఖాళీ వ్యాన్లో ఇంటికొచ్చారు.

వచ్చీరాగానే మావయ్య చేతులు కడుక్కుని మిషను ముందు కూర్చున్నాడు. మిషను దాని ధోరణిలో అది ఉమ్మింది. ఆయన అలవాటు కొద్దీ నాలుగు కాగితాలు తీశాడు. పరుగున వెళ్లి అత్తయ్య చేతిలో ఒకటి పెట్టాడు.

అత్తయ్య కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తెల్లటి తెలుపు మీద కొండ. బుద్ధిగా, నడిమధ్యలో, భుజాలు సరిచేసుకుని, నవ్వకుండా. ఒకే కొండ ఎనిమిదిసార్లు.

"ఏమండీ," అంది చివరికి, "కొండ ఏ దేశం వెళ్తోందిట?"

గుమ్మంలో నిలబడ్డ బావమరిది అక్కడే కూలబడిపోయి నవ్వాడు. అత్తయ్య నవ్వింది. నవ్వితే తొడలో కడ్డీ దగ్గర కలుక్కుమంది, "అబ్బా" అంటూ నవ్వింది. "మూడు రోజులు పోయి కొండను తవ్వి ఎలుకను పట్టుకొచ్చారు కదండీ. అదీ ఎనిమిది ఎలుకల్ని!"

మావయ్య నవ్వలేదు. కాగితం తీసుకుని మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. పదిహేను రోజుల్లో ఆరు అయిపోయాయి. పొద్దున వ్యాయామం అమ్మాయి మోకాలు పట్టుకుని తల అడ్డంగా ఊపి వెళ్లిందని పక్కింటావిడ చెప్పింది.

"నాకు వేరేది రాదే" అన్నాడు. "లోకంలో అందరూ తీస్తారు. కొండలు, నదులు, పొద్దుగూకడాలు. నేను కన్నంలోంచి చూస్తే నాకు ముఖమే కావాలనిపిస్తుంది. అన్నేసి మైళ్లు పోయినా అంతే."

అత్తయ్యకు నవ్వు ఆగింది. కాసేపు పైకప్పు చూసింది.

"ఇప్పుడు టైమెంత?"

"పది కావస్తోంది."

"అయితే ఇటు రండి. పడుకోండి."

"ఏంటి?"

"మంచం మీద, నా పక్కన. కాలికి తగలకుండా. నా దిండు మీదికి తల తీసుకురండి. అలా వెల్లకిలా కాదు, నావైపు తిరిగి. ఒరే తమ్ముడూ, నువ్వు అటు తిరగరా."

"నేను అసలు బయటికే పోతా" అని బావమరిది వెళ్లిపోయాడు.

మావయ్య చెప్పులు వదిలి, మెడలో కెమెరాతోనే పక్కకు తిరిగి పడుకున్నాడు. అత్తయ్య కిటికీ పైభాగంలోకి వేలు చూపించింది. మంచం మీంచి చూస్తే చూపు ఏటవాలుగా పైకి పోతుంది. గోడ పైభాగం, గొట్టం, గొట్టం కింద చెమ్మ.

"చూడండి. ఇప్పుడొస్తుంది."

రెండిళ్ల పిట్టగోడల మధ్యనుంచి ఎండ సన్నగా దిగింది. చెమ్మ మీద పాకింది. ఉబ్బిన సున్నం పెచ్చులకు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ పడ్డాయి. అవి కొండలయ్యాయి. ఏడో, ఎనిమిదో, ఒకదాని వెనక ఒకటి. గొట్టం నుంచి కారిన తుప్పుచార వాటి మధ్య మెలికలు తిరిగి కిందికి వెళ్లి వెడల్పయింది. నది. ఒడ్డున పచ్చటి నాచు. దూరంగా సున్నం రాలిన చోట మంచు.

"అదిగో, ఆ వంపులో రెండు చెట్లు. నాలుగు రోజుల క్రితం ఒకటే ఉండేది. వాన పడ్డాక రెండోది మొలిచింది. ఆ దారి చూశారా, అది ఎటు పోతుందో నాకింకా తెలియలేదు. పదకొండు నిమిషాలే ఉంటుంది, తర్వాత మళ్లీ గోడ."

"ఇదంతా ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"పడుకోబెట్టిన మర్నాటి నుంచీ. ఇంకేం పని?"

"మరి ఆ అమ్మాయితో చూడ్డానికేమీ లేదన్నావు!"

"లేస్తే లేదన్నాను. లేచి నిలబడితే ఎదురుగా ఉత్త గోడే కదా. ఇది పడుకుంటేనే కనపడుతుంది. అందుకే లేవాలని లేదు."

మావయ్యకు గుండెలో రాయి పడింది. ఎంత వెతికినా దొరకని దృశ్యం తన ఇంట్లోనే దొరికింది, దొరికి తన భార్యను మంచాన కట్టేసింది.

ఆలోచించే టైము లేదు, ఎండ కదులుతోంది. కెమెరా కంటికి పెట్టాడు. ఎప్పటిలాగే నిలువుగా పట్టుకున్నాడు. అయితే మనిషి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయనకు నిలువైంది లోకానికి అడ్డమైంది. కన్నంలో కొండల వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా విశాలంగా పరుచుకుంది. ముఖం కోసం వెతికాడు. ఎక్కడా లేదు. చెవులు వెతికాడు. లేవు. వేలు మీట మీదే ఆగిపోయింది.

"తియ్యండి, పోతోంది!" అంది అత్తయ్య.

తీశాడు. జీవితంలో ఆయన తీసిన మొదటి అడ్డం ఫొటో అదే.

మర్నాడు పొద్దున్న గోడ దగ్గర గరగర చప్పుడు వినిపించింది. మావయ్య సందులోకి తొంగి చూశాడు. చెకింగ్ మాస్టారు నిచ్చెన మీద బ్రష్షుతో ఉన్నాడు. గొట్టానికి కొత్త మూత బిగించేశాడు. చెమ్మంతా గీకేశాడు. పైనుంచి కిందిదాకా తెల్లసున్నం, మెరిసిపోతోంది.

"రండి ఫొటోగారూ! మీ కొండలు వేసే గోడ అలా ఉంటే నాకు మర్యాదా? మొత్తం తోమేశాను. ఒక్క మచ్చ కనపడితే నన్ను అడగండి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే అదే. కొండలు, నది, రెండు చెట్లు, ఎటు పోతుందో తెలియని దారి, అన్నీ పోయాయి. ఎదురుగా తెల్లగుడ్డ.

మావయ్య వెనక్కి తిరిగి కిటికీలోకి చూశాడు. అత్తయ్య దిండు మీంచి ఆ తెలుపునే చూస్తోంది. మొహం గోడ లేని వైపుకు తిప్పుకుంది. ఆ రోజు వ్యాయామం అమ్మాయి వస్తే కాలు కూడా చాపనివ్వలేదు.

మావయ్య స్టూడియో మూసేశాడు. "పాస్‌పోర్టులు రేపు" అని తలుపు మీద కాగితం అంటించి లోపల గడియ పెట్టుకున్నాడు. మిషను అరచేతి కాగితాలే ఇస్తుంది కాబట్టి ఆ ఒక్క అడ్డం ఫొటోను ఎనభై ఎనిమిది ముక్కలు చేశాడు. అడ్డంగా పదకొండు, నిలువుగా ఎనిమిది. ఒక్కో ముక్కకూ వెనక పెన్సిలుతో అంకె వేశాడు. ఎనభై ఏడు ముక్కలు వచ్చాక మిషను మూలిగింది. రంగు అయిపోయింది. రంగు తెప్పించాలంటే వారం పడుతుంది, అత్తయ్య కాలికి అంత టైము లేదు. అంచుల నుంచి లోపలికి తీసుకుంటూ వచ్చాడు గనక నడిమధ్య ముక్కే మిగిలిపోయింది, నది మలుపు తిరిగే చోట.

పదకొండో రోజు పొద్దున్న బావమరిది నిచ్చెన తెచ్చాడు, జిగురు కలిపాడు. నిచ్చెన దించే ముందు మావయ్య మెడలోని కెమెరా తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. సందులో ఒక్క మనిషే పట్టాడు, బావమరిది గదిలోకి వెళ్లి కిటికీలోంచి ముక్కలు అందించాడు. మావయ్య కడుపు గోడకు, వీపు కిటికీకి. ముక్కు కాగితాలకు ఆనుతోంది. ఏ ముక్క ఎక్కడ పడుతోందో ఆయనకు కనపడదు. అంకెల ప్రకారం వేసుకుంటూ పోయాడు. ఎంత ఎత్తున మొదలుపెట్టాలని బావమరిది అడిగితే క్షణం కూడా ఆలోచించకుండా గది నేల నుంచి అయిదడుగుల రెండంగుళాలన్నాడు. స్టూడియోలో ఆయన కెమెరా ఎప్పుడూ నిలబడే ఎత్తు అది, నిలబడ్డ అత్తయ్య కంటి ఎత్తు. తర్వాత్తర్వాత ఊరంతా, "భార్యను లేపడానికే కావాలని అంత కింద అంటించాడు, ఎంత తెలివి!" అని మెచ్చుకుంది. మావయ్య కాదని ఎప్పుడూ అనలేదు. నిజానికి ఆయనకు ఆ ఎత్తు తప్ప వేరే ఎత్తు తెలియదు.

రెండు గంటలు పట్టింది. నడుమ ఖాళీ మిగిలింది. తెల్లసున్నం చతురస్రంలా వెక్కిరిస్తోంది. అంత కష్టపడి నదికి మధ్యలో కన్నమేంటి అనుకుని మావయ్య జేబులు తడుముకున్నాడు. జేబులో కొండ ఉంది. అదే కొలత కాగితం. జిగురు రాసి అతికించేశాడు.

"అయిందే! ఎలా ఉంది?" అని గోడకే ముఖం పెట్టి అరిచాడు.

లోపల్నుంచి అత్తయ్య గొంతు. "ఏముంది, ఆకాశం ఉంది."

"కొండలో?"

"నాకేం కనపడతాయి? పై వరస ఒక్కటే కనపడుతోంది. అంత కిందెందుకు వేశారు?"

మావయ్యకు చెమటలు పట్టాయి. "పీకమంటావా?"

"పీకితే చిరగదూ! ఆగండి." మంచం కిర్రుమంది. "ఒరే తమ్ముడూ, దిండ్లు వెనక పెట్టు. ఇంకోటి. ఆ... ఇప్పుడు రెండు కొండలు కనపడుతున్నాయి. బాగానే వచ్చింది. ఎడంపక్కది తలకిందులుగా అంటించారు, మంచు కిందకి పోయింది."

"నలభై ఒకటా?"

"అంకెలు నాకేం తెలుసు. నా మంచు నాకు తెలుసు." మళ్లీ దిండు సర్దుకున్న చప్పుడు. "ఏమండీ, ఆ మధ్యలో అదేంటి? పళ్లవరసలా ఏదో ఉంది, కొస మాత్రం కనపడుతోంది."

మావయ్య గోడకు మరింత అతుక్కున్నాడు. "ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే అలా ఎందుకు తెల్లగా ఉంది? అక్కడ నది మలుపు కదా. నా దారి అక్కణ్ణుంచే కదా పోయేది. నా దారిలో ఏం పెట్టారు?"

"తర్వాత చూద్దువుగాని లేవే."

"తర్వాతేంటి! ఒరే, చెయ్యి అందించు. అటు కాదు, ఇటు. నా బరువు నీమీద వేస్తాను, పడ్డావంటే చంపుతాను."

ఒక మూలుగు, పళ్లు నూరిన చప్పుడు, చెప్పులేని పాదం నేల మీద ఈడ్చిన చప్పుడు, "మెల్లగా అక్కా, మెల్లగా" అన్న బావమరిది గొంతు. మళ్లీ పాదం. మావయ్యకు వెనక్కి తిరగడానికి చోటు లేదు. గోడవైపే చూస్తూ ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టాడు. అయిదు. కిటికీ ఊచ మీద చేతి గాజులు తగిలాయి.

ఆయన వీపు వెనక, చెయ్యెడు దూరంలో అత్తయ్య నిలబడి ఉంది.

తర్వాత మొదలైంది. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత ఊచలు కదిలేంత నవ్వు.

"నదిలో ఎనిమిదిమంది స్నానానికి దిగారేంటండీ! అందరూ ఒకే తల్లి బిడ్డల్లా!"

"రంగు అయిపోయిందే" అన్నాడు మావయ్య గోడతో. "మళ్లీ తెప్పించి మారుస్తాను."

"మార్చారంటే ఊరుకోను. పాపం, ఏ దేశానికో వెళ్తామనుకుంటే సందులోకి వచ్చిపడ్డారు. ఉండనివ్వండి." ఊచలు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "కాలు వణుకుతోంది."

"వెళ్లి పడుకో."

"ఒక్క నిమిషం. మీరు కదలొద్దు."

గట్టు మీది కెమెరా చప్పుడైంది, ఆవిడ చేతిలోకి తీసుకున్న చప్పుడు. ఇరవయ్యారేళ్లుగా పక్కగదిలోంచి వింటున్న మాటలు ఆవిడకు నోటికి వచ్చు.

"గడ్డం కాస్త పైకి. భుజాలు సరిగ్గా. నవ్వొద్దు."

"ఇటు తిరగలేనే, ముఖం కనపడదు!"

"ముఖమెవరిక్కావాలి? చెవులు రెండూ కనపడుతున్నాయి."

టక్కుమంది.

ఆ తర్వాత అత్తయ్య కర్రతో నడిచింది, కర్ర లేకుండా నడిచింది, మావయ్య మీద విసుగొస్తే వీధి చివరిదాకా నడిచి తిరిగి వచ్చేది. చెకింగ్ మాస్టారు రోజుకోసారి సందులోకి వచ్చి ఎనభై ఎనిమిది ముక్కలూ తనిఖీ చేసుకునేవాడు. రెండు వానాకాలాలకు గొట్టం మూత ఊడింది. కాగితాల కిందికి చెమ్మ దిగింది. అచ్చయిన కొండలు ఏవో, ఉబ్బిన కొండలు ఏవో తెలియకుండా పోయింది. అత్తయ్య మాత్రం దారి కొంచెం ముందుకు సాగిందని చెప్పేది. ఎటు పోతుందో ఇంకా తెలియలేదట.

మావయ్య పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫొటో కోసం వెతికారు. ఊరందరికీ ఎనిమిదేసి ముఖాలు పంచిన మనిషికి తన ముఖం ఒక్కటి కూడా లేదు. చివరకు అత్తయ్య బీరువాలోంచి ఒక కాగితం తీసింది. నిచ్చెన, జిగురు మరకల చొక్కా, వెనకనుంచి బట్టతల, ఇటొకటి అటొకటి రెండు చెవులు. ఆ తల అవతల కొండలు, నది. అదే ఎనిమిదిసార్లు.

కత్తెర పెట్టి ఒకటి కత్తిరించి పెద్దది చేయించుకురమ్మని తమ్ముడికి ఇచ్చింది. బాగా కావలసినవాళ్లకు తలా ఒకటి ఇచ్చింది, టీ కొట్టాయనకు కూడా పంపింది. ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. అడిగితే వెంటనే ఇవ్వదు. మనిషన్నాక ఎక్కడెక్కడ అవసరపడతాడో చెప్పలేం అంటుంది.